తెర మీది పాట: ఈ-నామ్‌లో మొదటిసారి పంట అమ్మే రైతుకు

ఆన్‌లైన్ వేలం అనగానే పట్టణవాసికి గుర్తొచ్చే పేరు ఈబే. 1995లో అమెరికాలో పుట్టిన ఆ సంస్థ 2004లో బాజీ.కామ్‌ను కొని మన దేశంలో అడుగు పెట్టింది. ఇక్కడి కొనుగోలుదారుల కోసం నడిపిన వెబ్‌సైటు 2018లో మూతపడింది. పాత నాణేలు, గడియారాలు, తపాలా బిళ్ళలు పాటకు పెట్టి అమ్మే ఆ అలవాటు మన ఊళ్ళలోకి పెద్దగా రాలేదు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో తెర మీది వేలానికి నిజంగా ఎక్కిన సరుకు వేరే: పత్తి, పసుపు, మక్కలు, సోయా, కందులు. దానికి వేదిక ఈ-నామ్ అని అందరూ పిలిచే జాతీయ వ్యవసాయ మార్కెట్.

ఈ-నామ్ 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాల్లోని 21 మార్కెట్ యార్డులతో మొదలైంది. తెలంగాణ నుంచి నిజామాబాద్ యార్డు మొదటి విడతలోనే చేరింది. తర్వాతి విడతల్లో జమ్మికుంట, పెద్దపల్లి, జగిత్యాల, ఆదిలాబాద్, భైంసా వంటి యార్డులు వచ్చాయి. 2018 మార్చి నాటికి దేశంలో 585 యార్డులు, 2020 మే నాటికి 1,000 యార్డులు ఈ వ్యవస్థ కిందికి చేరాయి. దీన్ని నడిపేది కేంద్ర వ్యవసాయ శాఖ ఆధ్వర్యంలోని చిన్న రైతుల వ్యవసాయ వ్యాపార సమాఖ్య. సాఫ్ట్‌వేర్ తయారీ బాధ్యత మొదట్లో హైదరాబాద్‌కు చెందిన నాగార్జున ఫర్టిలైజర్స్ సంస్థలోని ఐకిసాన్ విభాగానికి దక్కింది.

ఒక యార్డు ఇందులో చేరాలంటే రాష్ట్రం తన మార్కెట్ చట్టంలో మూడు మార్పులు చేసుకోవాలి. వ్యాపారి ఒకే లైసెన్సుతో రాష్ట్రంలోని ఏ యార్డులోనైనా కొనగలగాలి. మార్కెట్ ఫీజు ఒకచోట ఒక్కసారే వసూలు కావాలి. ఎలక్ట్రానిక్ వేలానికి చట్టంలో చోటుండాలి. వీటిలో మొదటిదే రైతుకు అసలైన మేలు. జమ్మికుంట యార్డులో పాట పాడే వ్యాపారి జమ్మికుంటలోనే షాపు పెట్టుకోనక్కర లేనప్పుడు పాడేవారి సంఖ్య పెరుగుతుంది. ఏ వేలంలోనైనా ధరను పైకి నెట్టేది ఆ సంఖ్యే.

దీనికి రుజువు పక్క రాష్ట్రంలో ఉంది. కర్ణాటక ఈ-నామ్ కంటే ముందే, 2014లో, తన యార్డులన్నిటినీ ఒకే ఆన్‌లైన్ వేదిక కిందికి తెచ్చే పని మొదలుపెట్టింది. ఆ మార్పు ధరల మీద చూపిన ప్రభావాన్ని లెక్కగట్టిన పరిశోధన ఒకటి 2020లో వెలువడింది. వరి ధర సగటున 5.1 శాతం, వేరుశనగ 3.6 శాతం, మక్కల ధర 3.5 శాతం పెరిగినట్టు అందులో తేలింది. పెద్ద అంకెలుగా కనిపించకపోవచ్చు. క్వింటాలుకు 2,000 రూపాయలు పలికే మక్కలకు 3.5 శాతమంటే 70 రూపాయలు. 100 క్వింటాళ్ళు తెచ్చిన రైతుకు 7,000. విత్తనం మార్చకుండా, అదనంగా ఎరువు వేయకుండా, అమ్మే పద్ధతి మారినందుకే వచ్చే డబ్బు అది.

పాత పద్ధతిలో పాట ఎలా సాగేదో తెలిస్తే కొత్తది సులభంగా అర్థమవుతుంది. వ్యాపారులు గుంపుగా కుప్పల మధ్య తిరుగుతూ నోటితో ధర చెప్పేవారు. వరంగల్, ఖమ్మం మిర్చి యార్డుల్లో ప్రసిద్ధమైన జెండా పాటలో మేలైన సరుకుకు ముందుగా ఒక గరిష్ఠ ధర పలుకుతుంది. మిగతా కుప్పలన్నీ దానికి కిందే బేరమాడుకోవాలి. ఆ రోజు పత్రికలో అచ్చయ్యేది జెండా ధర, రైతు చేతికొచ్చేది వేరే ధర. ఈ-నామ్‌లో ప్రతి రైతు తెచ్చిన సరుకూ ఒక లాట్. ఆ లాట్‌కు సొంత నంబరు, సొంత నాణ్యత చీటీ, సొంత పాట ఉంటాయి. పక్క కుప్ప ఎంత పలికిందన్నది దీని ధరను నిర్ణయించదు. అందువల్లే తన లాట్‌ను ఎలా తయారు చేసుకున్నాడన్నది రైతుకు మునుపటికంటే ఎక్కువ ముఖ్యమైంది.

పేరు నమోదు

మొదటి పని నమోదు. ఈ-నామ్ వెబ్‌సైటులో, ఫోన్ యాప్‌లో, లేదా నేరుగా యార్డు కార్యాలయంలో చేయించుకోవచ్చు. రైతుకు ఖర్చేమీ లేదు. గుర్తింపు కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఫోన్ నంబరు కావాలి. యాప్ తెలుగులోనూ ఉంది.

ఈ దశలో పట్టుబట్టవలసిన విషయం ఫోన్ నంబరు. గేటు దగ్గర తొందరలో, కమీషన్ మీద సరుకు అమ్మించే అడ్తిదారు నంబరో, ట్రాక్టరు డ్రైవరు నంబరో రాయించి లోపలికి వెళ్ళిపోతే, లాట్ నంబరు, పలికిన ధర, తూకం వివరాలు మోసుకొచ్చే సందేశాలన్నీ ఆ ఫోనుకే పోతాయి. పంట రైతుది, సమాచారం ఇంకొకరిది అవుతుంది. చదవడం రాని రైతు కూడా తన సొంత నంబరో, ఇంట్లో చదువుకున్న పిల్లల నంబరో ఇవ్వాలి. బ్యాంకు ఖాతా కూడా అంతే: పట్టా ఎవరి పేరున ఉంది, ఖాతా ఎవరి పేరున ఉంది, యార్డులో ఏ పేరు నమోదైంది అన్నవి ముందే సరిచూసుకోవాలి. కౌలు రైతులకు చిక్కు వచ్చేది సాధారణంగా ఇక్కడే. సరుకు తెచ్చిన రోజున కాకుండా, సీజను మొదలుకాకముందే యార్డు కార్యాలయానికి వెళ్ళి ఈ పని ముగించుకుంటే తీరిక దొరుకుతుంది.

నమోదు అయ్యాక రోజూ కొంతసేపు ధరలు చూడడం అలవాటు చేసుకోవాలి. యాప్‌లో ఒక్కో యార్డుకు కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ అని మూడు ధరలు కనిపిస్తాయి. మోడల్ ధర అంటే ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. మామూలు సరుకు తెచ్చిన రైతు ఆశించవలసింది దాన్నే. గరిష్ఠ ధర ఒకటి రెండు లాట్లకే వచ్చి ఉండవచ్చు. గరిష్ఠ ధర చూసి బండి కట్టినవాడు యార్డులో నిరాశ పడతాడు. వారం రోజుల మోడల్ ధరలు చూసి బయలుదేరినవాడికి తన సరుకు ఎక్కడ నిలుస్తుందో ముందే ఒక అంచనా ఉంటుంది.

ధర తయారయ్యేది కల్లంలోనే

తెర ముందు కూర్చున్న వ్యాపారి సరుకును ఎంతవరకు నమ్మగలడన్న దాన్నిబట్టే ఆన్‌లైన్ పాటలో ధర పలుకుతుంది. నెదర్లాండ్స్‌లోని ఆల్స్‌మీర్‌లో ప్రపంచంలోకెల్లా పెద్ద పూల వేలం జరుగుతుంది. అక్కడ కొనేవారు ఒకప్పుడు హాల్లో కూర్చుని పెద్ద గడియారం చూస్తూ మీట నొక్కేవారు. ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో కంప్యూటరులో కొంటున్నారు. పువ్వు పొడవు, విచ్చుకున్న దశ, రకం చీటీ మీద రాసినట్టే ఉంటాయన్న భరోసా వల్లనే అది సాధ్యమైంది. మనకు దగ్గరలో గుంటూరు పొగాకు బోర్డు ఉంది. 1985 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వేలం కేంద్రాలు నడుపుతున్న ఆ బోర్డు ప్రతి బేలుకూ గ్రేడు, తూకం రాసిన చీటీ తగిలించాకే దాన్ని పాటకు పెడుతుంది. ఈ-నామ్‌లో ఆ భరోసా ఇవ్వవలసింది నాణ్యత పరీక్ష. ఆ పరీక్షలో ఏం తేలుతుందన్నది రైతు కల్లంలోనే చాలావరకు నిర్ణయమైపోతుంది.

పసుపును చూస్తే ఇది బాగా తెలుస్తుంది. మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతాల రైతులు తమ పసుపును ఎక్కువగా నిజామాబాద్ యార్డుకు తీసుకుపోతారు. 2025 జనవరిలో మొదలైన జాతీయ పసుపు బోర్డుకు ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లోనే ఉంది. పసుపుకు కేంద్రం ప్రకటించే మద్దతు ధర లేదు. కాబట్టి పాటలో పలికిందే రైతుకు దక్కే ధర. కింద పట్టుకోవడానికి ఇంకో మెట్టు లేదు. తవ్విన పసుపును ఉడికించి, ఆరబెట్టి, పాలిష్ పట్టాకే యార్డుకు తెస్తారు. సరిగ్గా ఉడకని కొమ్ము ఆరాక విరిస్తే లోపలి రంగు ఒకేలా ఉండదు. నేల మీద ఆరబోస్తే మట్టి అంటుతుంది. పది పదిహేను రోజులు ఎండవలసినదాన్ని ముందే బస్తాలకెత్తితే తేమ నిలిచి బూజు పడుతుంది. కొమ్ములను, గోళలను కలిపేస్తే వ్యాపారి మొత్తం లాట్‌కు గోళ ధరే వేస్తాడు. వాటిని ఏరి రెండు వేరు లాట్లుగా రాయించడం రైతు ఇంట్లో చేసుకోగల పని. టార్పాలిన్ పట్టాల మీద ఆరబోయడం, బస్తా అడుగున, మధ్యలో, పైన ఒకే నాణ్యత ఉండేలా నింపడం కూడా అలాంటివే. పై పొరలో మంచి కొమ్ములు పెట్టి లోపల నాసిరకం నింపిన బస్తా ఒక్కసారి దొరికితే ఆ రైతు పేరున్న లాట్‌కు ఆ సీజనంతా అనుమానపు ధరే వస్తుంది.

మక్కల విషయంలో రైతులకు ఒక న్యాయమైన సందేహం ఉంటుంది: ఆరబెడితే తూకం తగ్గుతుంది కదా, నష్టం కాదా అని. దీన్ని లెక్కలోనే తేల్చాలి. 18 శాతం తేమ ఉన్న మక్కలు 100 క్వింటాళ్ళు ఉన్నాయనుకుంటే, అందులో నీరు పోగా అసలు గింజ 82 క్వింటాళ్ళు. తేమ 14 శాతానికి దిగేదాకా ఆరబెడితే మొత్తం తూకం సుమారు 95.35 క్వింటాళ్ళవుతుంది. తడి మక్కలు క్వింటాలు 2,000కు పోతున్నాయంటే 100 క్వింటాళ్ళకు వచ్చేది 2,00,000. ఆరిన మక్కలకు అంతే డబ్బు రావాలంటే క్వింటాలుకు 2,098 రూపాయల దాకా పలకాలి. అంటే యార్డులో ఆరిన సరుకుకు, తడి సరుకుకు మధ్య తేడా 100 రూపాయలకు మించి, ఆరబోత కూలీ కూడా దాటిపోయేటంత ఉంటే ఎండబెట్టడం లాభం. అంతకు తక్కువైతే, పైగా మబ్బు పట్టి ఉంటే, తొందరగా అమ్ముకోవడమే మంచిది. ఈ తేడా ఎంత ఉందో వారం రోజుల ముందు యార్డులో అడిగి తెలుసుకోవచ్చు. ఆరబెట్టమని రైతుకు చెప్పేవారు చాలామంది ఈ లెక్క చెప్పరు. చెప్పవలసింది ముందుగా దాన్నే.

పత్తిలో తేమతో పాటు చెత్త, పింజ పొడవు చూస్తారు. మొదటి తీత, రెండో తీత, చివర్లో రంగు మారిన పత్తి, వానకు తడిసిన పత్తి — వీటిని ఇంట్లో విడివిడిగా ఉంచడం మొదటిసారి అమ్మేవారు మరిచిపోకూడని పని. పొద్దున్నే మంచు మీద తీసిన పత్తికి తేమ ఎక్కువ. యూరియా సంచుల్లో కుక్కిన పత్తిలో ప్లాస్టిక్ దారాలు కలుస్తాయి. జిన్నింగ్ మిల్లువారు అన్నిటికంటే ఎక్కువ భయపడేది వాటికే.

యార్డులో ఒక పూట

సరుకు గేటు దాకా రాగానే ఎంట్రీ జరుగుతుంది. రైతు పేరు, ఊరు, పంట, బస్తాల సంఖ్య, ఏ అడ్తి ద్వారా వచ్చిందన్న వివరాలు కంప్యూటరులో ఎక్కి లాట్ నంబరు పుడుతుంది. యాప్‌లో ముందు రోజే లాట్ వివరాలు నమోదు చేసుకునే వీలుంది. అలా చేసుకుంటే గేటు దగ్గర క్యూ కొంత తప్పుతుంది. చీటీ తీసుకోగానే పంట పేరు, బస్తాల సంఖ్య సరిగ్గా పడ్డాయో లేదో అక్కడే చదువుకోవాలి. పాట ముగిశాక ఈ తప్పులు దిద్దించడం కష్టం.

తర్వాత నమూనా. లాట్‌లోని కొన్ని బస్తాల నుంచి కొంత కొంత తీసి కలిపి పరీక్షకు పంపుతారు. ఏ పంటకు ఏయే గుణాలు చూడాలన్నది కేంద్ర మార్కెటింగ్, తనిఖీ విభాగం పంటవారీగా నిర్ణయించింది: మక్కలకు తేమ, చెత్త, పురుగు పట్టిన గింజ, దెబ్బతిన్న గింజ, పత్తికి పింజ పొడవు, మందం, తేమ, చెత్త. నమూనా తీసేటప్పుడు రైతు దగ్గర నిలబడి ఉండడం అతని హక్కు. ఎక్కువ తడిగా ఉన్న ఒక్క బస్తా నుంచే తీస్తుంటే వేరే బస్తాల నుంచి కూడా తీయమని మర్యాదగానే అడగవచ్చు. వచ్చిన ఫలితాన్ని చీటీ మీద రాయించుకోవాలి.

ఈ పరీక్ష ఈ-నామ్‌లో అన్నిటికంటే బలహీనమైన అంగం. సీజను మధ్యలో ఒక్కరోజే వేల బస్తాలు యార్డులో దిగినప్పుడు ప్రతి లాట్‌నూ యంత్రంలో పరీక్షించే తీరిక, సిబ్బంది చాలాచోట్ల ఉండరు. అప్పుడు వ్యాపారులు మునుపటిలాగే కుప్పల దగ్గరకు వచ్చి, చేత్తో పట్టి, విరిచి, వాసన చూసి, ఆ తర్వాత ఫోనులో ధర వేస్తారు. పాట తెర మీద జరుగుతుంది కానీ పాడేవారంతా ఆ ఊరివారే. దూరాన ఉన్న కొనుగోలుదారు చీటీని నమ్మి ధర వేసే రోజు వచ్చినప్పుడే ఒకే దేశం, ఒకే మార్కెట్ అన్న మాటకు అర్థముంటుంది. దానికి కావలసింది కొత్త యాప్ కాదు, ప్రతి యార్డులో పనిచేసే పరీక్ష గదులు, శిక్షణ పొందిన మనుషులు. రైతు సంఘాలు ప్రభుత్వాన్ని గట్టిగా అడగవలసింది దీన్నే.

పాట సమయం ఒక్కో యార్డులో ఒక్కోలా ఉంటుంది. ఆ గడువులోపల వ్యాపారులు తాము కోరుకున్న లాట్లకు క్వింటాలు చొప్పున ధర వేస్తారు. గడువు ముగియగానే ప్రతి లాట్‌కూ ఎక్కువ ధర వేసిన వ్యాపారి పేరు, ఆ ధర తేలుతాయి. రైతు ఫోనుకు సందేశం వస్తుంది. గడువు తర్వాత గేటు దాటిన సరుకు మరుసటి రోజుదాకా ఆగాలి. అందుకే దూరపు ఊళ్ళవారు ముందు రోజు సాయంత్రమే చేరుకుంటారు. మార్కెట్‌కు సెలవులు ఎప్పుడో, ఏ పంటకు ఏ రోజు పాట ఉందో కనుక్కోకుండా బండి కట్టడం వృథా శ్రమ.

పలికిన ధరకు రైతు ఒప్పుకోవాలన్న నియమం లేదు. ధర నచ్చకపోతే తిరస్కరించి మళ్ళీ పాటకు పెట్టుకోవచ్చు. ఈ హక్కు కాగితం మీద ఉన్నంత సులభంగా చేతిలో ఉండదన్నది నిజమే. సరుకు వెనక్కు తీసుకుపోవడానికి బండి కిరాయి, రాత్రి కాపలా, అడ్తిదారు దగ్గర అంతకుముందే తీసుకున్న అప్పు — ఇవన్నీ రైతు చేత అవునని అనిపిస్తాయి. కాబట్టి ఏ ధర కంటే తక్కువకు అమ్మకూడదో ఇంట్లో ఉండగానే లెక్కగట్టి అనుకోవాలి. మోడల్ ధర, మద్దతు ధర, తిరుగు కిరాయి మూడూ ఆ లెక్కలో ఉండాలి. యార్డులో అలసిపోయి కూర్చున్న వేళ ఆ లెక్క చేయబోతే తప్పే వస్తుంది.

తూకం, తక్‌పట్టీ, డబ్బు

ధర ఒప్పుకున్నాక కాంటా. ఎలక్ట్రానిక్ కాంటా మీద దడ్వాయి తూకం వేస్తాడు. ఆ అంకెలు నేరుగా కంప్యూటరుకు చేరితే అమ్మకం చీటీ తయారవుతుంది. తూకం మొదలయ్యే ముందు కాంటా సున్నా చూపుతోందో లేదో రైతు చూసుకోవాలి. ఖాళీ బస్తా బరువు కింద ఎంత తీసేస్తున్నారో అడగాలి. తేమ, చెత్త పేరుతో తూకంలోనే కోత పెడితే ఒప్పుకోనక్కర లేదు: నాణ్యత చీటీ చూసే వ్యాపారి ధర వేశాడు, అదే లోపానికి రెండోసారి తరుగు తీయడానికి కారణం లేదు. మన యార్డుల్లో గొడవలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. రైతు చేతిలో నాణ్యత చీటీ ఉంటే అవి త్వరగా తేలిపోతాయి.

మార్కెట్ ఫీజు కొనుగోలుదారు కట్టవలసింది. రైతు లెక్కలోకి రాకూడదు. హమాలీ, దడ్వాయి, చాట కూలీ, అడ్తి రుసుము వంటివాటికి మార్కెట్ కమిటీ నిర్ణయించిన రేట్లు ఉంటాయి. వాటిని కార్యాలయంలో అడిగి, తక్‌పట్టీలో రాసిన అంకెలతో పోల్చి చూసుకోవాలి. తక్‌పట్టీ అంటే రైతుకిచ్చే లెక్క చీటీ: తూకం, ధర, కోతలు, చేతికొచ్చే మొత్తం అన్నీ దాని మీదే. తెల్లకాగితం మీద పెన్నుతో రాసిచ్చిన అంకె తక్‌పట్టీ కాదు. రేపు డబ్బు రాకపోతే అడగడానికి, పంట రుణం కోసం ఆదాయం చూపడానికి పనికొచ్చేది అసలు చీటీయే.

డబ్బు వ్యాపారి నుంచి నేరుగా రైతు ఖాతాకు ఆన్‌లైన్‌లో వచ్చే ఏర్పాటు ఈ-నామ్‌లో ఉంది. చాలా యార్డుల్లో మాత్రం ఇంకా అడ్తిదారు చేతుల మీదుగానే చెల్లింపు జరుగుతోంది. పెట్టుబడికి అప్పు ఇచ్చేది, పంట వచ్చాక అప్పు తీసుకునేది, మధ్యలో పెళ్ళికో ఆసుపత్రికో చేబదులు ఇచ్చేది అతనే కాబట్టి ఈ బంధం ఒక్క యాప్‌తో తెగదు. నగదు వెంటనే ఇస్తామని కొంత శాతం కోసుకునే అలవాటు ఎక్కడైనా ఉంటే, ఆ కోత వడ్డీ కంటే ఎక్కువవుతుందేమో రైతు లెక్కవేసుకోవాలి. రెండు వారాలు ముందు డబ్బు వచ్చినందుకు 2 శాతం వదులుకోవడమంటే ఏడాదికి 50 శాతానికి పైగా వడ్డీ కట్టినట్టే. ఫిర్యాదు ఉంటే మొదట యార్డు కార్యదర్శికి రాసి ఇవ్వాలి. ఈ-నామ్ ఉచిత ఫోన్ నంబరు 1800 270 0224.

పాటకు పెట్టకూడని రోజులు

మద్దతు ధర ఉన్న పంటకు మొదట చూడవలసింది ఆ ధరే. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధరలు క్వింటాలుకు ఇలా ఉన్నాయి: మక్కలు 2,400, సోయా 5,328, కందులు 8,000, మధ్య రకం పింజ పత్తి 7,710, పొడవు పింజ పత్తి 8,110. పాటలో మోడల్ ధర దీనికంటే బాగా తక్కువగా ఉంటే, ప్రభుత్వ సంస్థలు కొంటున్నాయేమో కనుక్కోవాలి.

ఆదిలాబాద్‌లో పత్తి సీజను దాదాపుగా ఈ మద్దతు ధర చుట్టే తిరుగుతుంది. విడిపత్తి నింపిన బండ్లు, వ్యాన్లు బారులు తీరే ఆ యార్డులో ప్రైవేటు వ్యాపారుల ధర ఒకవైపు, భారత పత్తి సంస్థ ధర ఒకవైపు ఉంటాయి. పత్తి సంస్థ మద్దతు ధర ఇచ్చేది 8 శాతం తేమకు. 12 శాతం దాకా ఒక్కో శాతానికి ఒక శాతం ధర తగ్గించి కొంటుంది. 12 దాటితే కొనదు. 8,110 ధర వర్తించే పత్తికి 11 శాతం తేమ వస్తే క్వింటాలుకు 243 రూపాయలు పోతాయి. 20 క్వింటాళ్ళ మీద అది 4,866 రూపాయలు. పైన చెప్పిన కల్లం పని ఇక్కడ కూడా అంతే విలువైనది. 2025లో పత్తి సంస్థ కపాస్ కిసాన్ అనే యాప్ తెచ్చింది. అందులో పేరు నమోదు చేసుకుని, పత్తి తీసుకెళ్ళే రోజును ముందే ఎంచుకోవాలి. స్మార్ట్‌ఫోను లేని రైతుకు ఇది మరో గడప అయింది. వ్యవసాయ విస్తరణ అధికారి సాయం అడగడం ఒక దారి. ఇలా కొన్న పత్తిని బేళ్ళు కట్టించి పత్తి సంస్థ మిల్లులకు అమ్మేది ఆన్‌లైన్ వేలంలోనే.

పంట చేతికొచ్చిన వారాల్లో అందరూ ఒకేసారి అమ్ముతారు కాబట్టి ధర దిగుతుంది. నిలవ ఉంచగల పసుపు, కందులు, మక్కలకు గోదాము ఒక దారి. మార్కెట్ కమిటీ గోదాముల్లో సరుకు దాచి దాని విలువ మీద రుణం తీసుకునే పథకం మన రాష్ట్రంలో చాలాకాలంగా ఉంది. మీ యార్డులో అది అమలులో ఉందా, షరతులేమిటి అన్నది కార్యదర్శి చెప్పాలి. గుర్తింపు పొందిన గోదాములు ఇచ్చే ఎలక్ట్రానిక్ రసీదు మీద సరుకును అక్కడి నుంచే ఈ-నామ్‌లో పాటకు పెట్టే వీలు 2020 ఏప్రిల్‌లో వచ్చింది. నిలవకు పోయేవాడు గోదాము అద్దె, వడ్డీ, తరుగు, పురుగు నష్టం నాలుగూ ముందే లెక్కలో వేసుకోవాలి.

అదే 2020 ఏప్రిల్‌లో రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఇంకో దారి తెరుచుకుంది. సంఘం తన సొంత సేకరణ కేంద్రంలో సభ్యుల సరుకు పోగుచేసి, ఫొటోలు, నాణ్యత వివరాలు యాప్‌లో పెట్టి, యార్డుకు తీసుకుపోకుండానే పాట పెట్టవచ్చు. పది బస్తాల రైతుకు దూరపు వ్యాపారి ధర వేయడు. లారీ నిండేంత ఒకే రకం సరుకు ఉంటే వేస్తాడు. ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు యార్డుకు దూరంగా ఉన్న గూడేలకు ఇది పనికొచ్చే ఏర్పాటు. అయితే సంఘం దగ్గర తేమ కొలిచే మీటరు, సరైన కాంటా, సరుకును రకాలవారీగా వేరు చేసే చోటు, లెక్క రాసే ఒక మనిషి ఉండాలి. పాట పాడినవాడు వచ్చి చూసేసరికి ఫొటోలోని సరుకే బస్తాల్లోనూ ఉంటే రెండో సీజనులో వ్యాపారి తానుగా ఫోన్ చేస్తాడు. మొదటి సీజనులో పత్తి, పసుపు, సోయా అన్నీ మొదలుపెట్టకుండా, సభ్యులందరూ పండించే ఒక్క పంటతో ప్రారంభించిన సంఘానికి ఈ పని అదుపులో ఉంటుంది.